ఆఖర్న నిలబడ్డోడే దొరుకుతాడు

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, ఇది కొంచెం పెద్ద పోస్టు. బ్రేక్‌లో చాయ్ తాగుతూ చదవండి.

మేము నలుగురం అలబామాలోని ఒపెలైకాలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. కార్ల విడిభాగాలు చేసే ఒక ప్లాంటులో కాంట్రాక్టు మీద క్వాలిటీ పని. పక్కనే ఆబర్న్ యూనివర్సిటీ. ఇక్కడ సోమవారం లంచ్ టేబుల్ దగ్గర కాలేజీ ఫుట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. ఆట తెలియకపోతే డబ్బా తెరిచి తలొంచుకుని తినడమే. అందుకే నేర్చుకున్నాం.

నేర్పింది మా లైన్‌లో పనిచేసే ఒక పెద్దాయన. హైస్కూల్లో కార్నర్‌బ్యాక్ ఆడాడట. అంటే డిఫెన్స్‌లో అంచున నిలబడి, పరిగెత్తుకొచ్చే రిసీవర్‌ని ఒంటరిగా కాచేవాడు. రిసీవర్‌కి ఎటు పోవాలో ముందే తెలుసు, వీడికి తెలియదు. పైగా మొదటి అడుగులు వెనక్కి వేయాలి. "మొహం చూస్తే మోసపోతావు, నడుము చూడు. నడుము అబద్ధం చెప్పదు" అనేవాడు ఆయన.

టీవీ ముందు మేమందరం అరిచే అరుపు ఒకటుంది: "వెనక్కి తిరిగి బంతి చూడరా!" ఒకరోజు ఆయన విని నవ్వాడు. టేబుల్ మీద రెండు కాఫీ కప్పులు పెట్టి చూపించాడు. రిసీవర్ పక్కనే, తుంటికి తుంటి ఆనేంత దగ్గరగా పరిగెత్తుతుంటే దాన్ని ఇన్ ఫేజ్ అంటారు. అప్పుడు తల తిప్పి బంతి వెతకొచ్చు. ఒక అడుగు వెనకబడితే అవుట్ ఆఫ్ ఫేజ్. అప్పుడు తల తిప్పితే వేగం తగ్గుతుంది, ఒక అడుగు ఎడం మూడడుగులవుతుంది. అందుకని రిసీవర్ కళ్లనీ చేతుల్నీ చూస్తూ ఉండి, వాడి చేతులు లేచినప్పుడు మధ్యలో చెయ్యి పెట్టాలి. తొందరపడి ముందే తగిలితే జెండా పడుతుంది. కాలేజీ ఆటలో దానికి 15 గజాల దాకా శిక్ష, పైగా అవతలి వాళ్లకి కొత్తగా మళ్లీ నాలుగు ప్రయత్నాలు. అంటే మనం "చూడలేదు" అని తిట్టే కుర్రాడు చాలాసార్లు నేర్పినట్టే చేస్తున్నాడు. ఇంతా చేసి వాడికి ఇరవై ఏళ్లు.

2023 నవంబర్‌లో ఆబర్న్, అలబామా మ్యాచ్ చూసినవాళ్లు మర్చిపోరు. ఆబర్న్ 24-20తో ముందుంది. ఆట అయిపోవచ్చింది. అలబామాకి నాలుగో ప్రయత్నం, అంటే ఆఖరిది, 31 గజాలు దాటాలి. మిల్‌రో నిలబడి నిలబడి విసిరాడు. ఎండ్‌జోన్ మూలలో బాండ్ పట్టేశాడు. 27-24. మర్నాడంతా ఆ మూలలో ఉన్న డిఫెండర్నే తిట్టారు. మేమూ తిట్టాం.

పెద్దాయన మాత్రం టేప్ వెనక్కి తిప్పమన్నాడు. మిల్‌రో మీదకి ఆబర్న్ పంపింది ఇద్దర్నే. అంత తీరిగ్గా చూసుకునే టైమిస్తే ఎంత మంది కాపలా ఉన్నా ఎక్కడో ఒక సందు దొరుకుతుంది. ఆ నిర్ణయం కోచ్‌లది. అంతకుముందు కొద్ది నిమిషాల కింద ఆబర్న్ వాళ్లు పంట్ బంతి జారవిడిచారు. అది పట్టుకుని ఉంటే అసలు ఈ ప్లే వచ్చేదే కాదేమో. "కెమెరా ఆఖరి మనిషి దగ్గర ఆగుతుంది. తప్పు అక్కడే మొదలైందని కాదు" అన్నాడు.

ఇదంతా విని తలూపిన మేమే తర్వాత ఏం చేశామో చెప్పడానికే ఈ పోస్టు.

మా నలుగుర్లో చిన్నోడు, నల్గొండ తమ్ముడు, ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ఉండేవాడు. ఒక బ్రాకెట్‌లో బోల్టు రంధ్రం పక్కకి జరిగి, లాట్ మొత్తం కస్టమర్ దగ్గరికి వెళ్లిపోయింది. మీటింగ్‌లో మొదటి ప్రశ్న: "ఆఖర్న చూసింది ఎవరు?" పార్టు మీద తమ్ముడి స్టాంపు ఉంది. ఆ రంధ్రం వాడి చెక్‌షీట్‌లోనే లేదు, దానికి గేజ్ కూడా ఇవ్వలేదు. అసలు తప్పు వెల్డింగ్ ఫిక్చర్‌లో పిన్ అరిగిపోవడం. ఆ పిన్ వదులైందని రెండు వారాల ముందే మాలో ఇద్దరం గమనించాం. సూపర్‌వైజర్‌కి నోటితో చెప్పి ఊరుకున్నాం. లాగ్‌బుక్‌లో రాయలేదు.

మీటింగ్‌లో మేం నోరు తెరవలేదు. మా కాంట్రాక్టులు కూడా రెన్యువల్‌కి ఉన్నాయి మరి. ఇంటికొచ్చాక వాణ్నే అడిగాం, "కళ్లు ఎక్కడ పెట్టావురా?" అని. వాడేం మాట్లాడలేదు. శుక్రవారం బ్యాడ్జి తీసేసుకున్నారు. ఓపీటీలో 90 రోజుల లెక్క మొదలైంది. ఆ లెక్క ఎలా నిద్ర పట్టనివ్వదో మీకు చెప్పక్కర్లేదు.

కోచ్‌లని విమర్శించొద్దని మేం అనట్లేదు. నిక్ సేబన్ కూడా సైడ్‌లైన్ మీద కుర్రాళ్ల మీద గట్టిగా అరిచేవాడు. కానీ ఆయన స్వయంగా కెంట్ స్టేట్‌లో డిఫెన్సివ్ బ్యాక్ ఆడినవాడు, ప్రాక్టీసులో కార్నర్ల పక్కన నిలబడి అడుగులు దిద్దేవాడు. పెద్దాయన లెక్క ఒక్కటే: అరిచేవాడు ముందు నేర్పాడా? నేర్పకుండా అరిస్తే అది కోచింగ్ కాదు, తప్పు పక్కోడి మీదకి తోయడం.

తమ్ముడికి వేరే రాష్ట్రంలో పని దొరికింది. మేం సారీ చెప్పాం, "పర్లేదన్నా" అన్నాడు. అయినా మునుపటిలా ఫోన్ చేయడు. అది మా లెక్కలోదే.

అందుకే ఒక్క మాట. మీ షిఫ్టులో ఏదైనా తేడా కనిపిస్తే నోటితో చెప్పి వదలొద్దు. తేదీ, టైము వేసి రాయండి, ఫోటో తీసి పెట్టండి. అది మీ కోసమే కాదు, మీ తర్వాత ఆఖర్న నిలబడేవాడి కోసం. మీకూ ఇలాంటిది జరిగితే కింద రాయండి, కంపెనీ పేరు వద్దు. చదివి కొందరైనా లాగ్‌బుక్ తెరుస్తారు.