చప్పుడు లేని బండి

మా కళింగపట్నము వచ్చి వెళ్ళే బంధువులు, పొరుగు సంఘముల కాపరులు రెండేళ్ళుగా మమ్ములను అడుగుచున్న ప్రశ్నలు మూడు. కరెంటు కారు నిజముగా నడుస్తుందా? కరెంటు పోతే ఏమి చేస్తారు? పాస్టరుగారికి అంత డబ్బు ఎక్కడిది? ఈ మూడవ ప్రశ్నను మా ఎదుట అడిగినవారు తక్కువ, మా వెనుక అడిగినవారు ఎక్కువ. గనుక దానికే మొదట జవాబు వ్రాస్తున్నాము. మా శ్రీమతి ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె జీతము చూసి బ్యాంకువారు అప్పు ఇచ్చారు. నెలనెలా వాయిదా ఆ జీతములోనుండే పోతున్నది. సంఘపు కానుకలలోని ఒక్క రూపాయి అందులో లేదు. కమిటీ పెద్దలకు ఆ కాగితములు చూపించిన తరువాతే బండిని ఇంటికి తెచ్చాము.

మిగిలిన రెండు ప్రశ్నల సంగతి చెప్పాలంటే కొంచెము వెనుకకు వెళ్ళాలి.

2003లో మేము బెంగుళూరులో దైవశాస్త్ర డిప్లొమా చదువుచున్నాము. ఆదివారపు సేవకు అక్కడి ఒక తెలుగు సంఘమునకు వెళ్ళేవారము. ఆ సంఘములో ఫ్యాక్టరీ ఉద్యోగము చేసి రిటైరయిన ఒక పెద్దాయన రేవా కారు కొన్నారు. రేవా అంటే బెంగుళూరులోనే తయారైన చిన్న కరెంటు కారు. చేతన్ మైనీ అనే ఇంజనీరు, ఆయన తోటివారు 1994 నుండి ఏడేళ్ళు శ్రమించి 2001లో దానిని రోడ్డు మీదకు తెచ్చారు. పొడవు రెండున్నర మీటర్లకు కొంచెము ఎక్కువ. ముందు ఇద్దరు పెద్దలు, వెనుక ఇద్దరు పిల్లలు పడతారు. ముందు సీట్ల క్రింద ఆరేసి వోల్టుల సీసపు బ్యాటరీలు ఎనిమిది ఉండేవి. నిండా ఛార్జి చేస్తే కంపెనీ లెక్కకు 80 కిలోమీటర్లు. ఎంత తొక్కినా వేగము గంటకు 65 దాటదు.

ఆ పెద్దాయన శనివారము సాయంత్రము కాగానే సీటు ఎత్తి బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటరు చూసుకొనేవారు, ఆదివారము ఆ పని పెట్టుకోకూడదని. ఏ.సి. వేస్తే దూరము తగ్గుతుందని ముందు అద్దము దగ్గర చిన్న ఫ్యాను బిగించుకున్నారు. మేడ మీది తమ వాటా నుండి క్రిందికి గొట్టములో వైరు దింపి ప్లగ్గు పెట్టించుకున్నారు. ఒక నోటు పుస్తకములో ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని యూనిట్లు అని వ్రాసుకొనేవారు. వీధిలో పిల్లలు బొమ్మ కారని నవ్వేవారు. ఆయన కూడ నవ్వి, వారిలో ఇద్దరిని ఎక్కించుకొని ఒక చుట్టు తిప్పేవారు. సీసపు బ్యాటరీ ఎవరు చేసినా దాని స్వభావము ఒకటే. మూడు నాలుగేళ్ళకు బలము తగ్గుతుంది, అడుగంటా వాడినకొద్దీ ఇంకా త్వరగా తగ్గుతుంది. అందుకే ఆయన సగము ఖాళీ కాకముందే ఇల్లు చేరేవారు. ఈ అలవాటు ఆయన దగ్గరే నేర్చుకున్నాము.

ఈ ఆలోచన ఆయనతో మొదలైనది కాదు. కేరళలో 1993లోనే లవ్‌బర్డ్ అనే ఇద్దరు కూర్చునే కరెంటు కారు వచ్చింది, నిలువలేదు. ఇంకా వెనుకకు పోతే, పెట్రోలు కార్లతో లోకమును నింపిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారా తాను స్వయముగా నడుపుకొన్నది కరెంటు కారు! రేవా 2004 నుండి జీ-విజ్ అనే పేరుతో లండను వీధులలో కూడ తిరిగింది. అయినను పదేళ్ళకు పైగా లోకమంతటా అమ్ముడైనవి ఐదు వేల లోపే. 2010లో ఆ కంపెనీ మహీంద్రావారి చేతికి వెళ్ళింది. 2013లో లిథియం బ్యాటరీతో ఈ2ఓ అనే కారు వచ్చింది. అదియు ఇప్పుడు తయారగుట లేదు.

మా కారు 2023లో బుక్ చేశాము. అది ఏ కంపెనీదో వ్రాయము, ఇది ప్రకటన కాదు గదా. ఆరు వారములలో ఇస్తామన్నారు, నాలుగు నెలలు పట్టింది. ఫోను చేసిన ప్రతిసారీ "వచ్చే వారం సార్" అనేవారు. ఆ నాలుగు నెలలలో ఊరిలో మాటలు చాలా నడిచాయి. డబ్బు మునిగిపోయిందన్నారు కొందరు. వానలో ముట్టుకుంటే షాకు కొడుతుందన్నారు మరికొందరు. వారిని తప్పు పట్టలేము. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు మన జిల్లాలో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను మా కళింగపట్నము దగ్గరే తీరము దాటింది. అటువంటి ఊరిలో కరెంటును నమ్ముకొని బండి కొంటామంటే నవ్వరా?

ఎదురుచూచిన ఆ కాలము వృథా కాలేదు. మా పాత ఇంటికి సరైన ఎర్తింగు లేదు. ఎర్తు లేని ప్లగ్గులో పెడితే ఈ కార్ల ఛార్జరు ఎర్ర దీపము చూపించి ఊరుకుంటుంది, ఒక్క యూనిట్ కూడ తీసుకోదు. సంఘములోని ఎలక్ట్రీషియను తమ్ముడు, యువకులు ఇద్దరు కలసి పెరటిలో గొయ్యి త్రవ్వి, పైపు దింపి, బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసి పూడ్చారు. మాది ఇసుక నేల, వేసవిలో పైనంతా ఎండిపోతుంది. అందుకని ఎండాకాలములో ఆ గోతిలో రోజు విడిచి రోజు ఒక బకెట్టు నీళ్ళు పోస్తాము. మీటరు నుండి వేరుగా మందపాటి రాగి వైరు లాగి, దానికి వేరే ఎం.సి.బి. పెట్టించాము. కరెంటు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి ఇంటి లోడు పెంచుకున్నాము. ఈ పనిలో పొదుపు చేయవద్దని మాత్రము గట్టిగా చెబుతాము. సన్నని వైరు మీద రాత్రంతా ఛార్జి పెడితే వైరు కరుగుతుంది, ఇల్లు అంటుకుంటుంది.

కారు వచ్చిన తరువాత చేసిన మార్పులు చిన్నవే. సముద్రపు గాలికి ఇనుము నిలువదు గనుక అడుగున తుప్పు పట్టని పూత వేయించాము, వారానికొకసారి మంచినీళ్ళతో కడుగుతాము. సాయంత్రము వోల్టేజి పడిపోతుంది గనుక రాత్రి పదకొండు దాటాక ప్లగ్గు పెడతాము. నారింజ రంగు వైర్ల జోలికి మాత్రము మేము గాని, మా తమ్ముడు గాని పోలేదు. అవి చంపగల వైర్లు.

అన్నిటికంటె పెద్ద చిక్కు, ఎవరూ ముందుగా చెప్పనిది, చప్పుడు లేకపోవడము. సందులలో మేకలు, కోళ్ళు, పిల్లలు ఎవరూ తప్పుకోరు. ఒక సాయంత్రము చేపల తట్టతో పోతున్న ఒకమ్మ వెనుకకు తిరిగి చూసి తట్ట వదిలేసినంత పని చేసింది. "సప్పుడు నేదు, పొగ నేదు, ఇదేటి బండి అయ్యగారూ! ఎనకాతలకొచ్చీసింది!" అన్నది. ఆ మాట విన్న ఒక వృద్ధ రైతు మరునాడు మా ఇంటికి వచ్చారు. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లను అమ్మివేసినా వాటి మెడ గంటలు దాచుకున్నారట. "నా ఎడ్లు ఎలగూ నేవు, నీ బండికి కట్టు బాబూ" అని ముందు బంపరుకు తన చేతులతోనే కట్టారు. ఊరిలో తిరిగినంతసేపు అవి మ్రోగుతాయి. శ్రీకాకుళము వెళ్ళేటప్పుడు విప్పి డిక్కీలో పెడతాము.

ఇక కరెంటు పోతే ఏమి చేస్తారన్న ప్రశ్న. మొన్నటి ఏడాది ఆగస్టులో ఒక రాత్రి మేము ఆ ప్రశ్నలో నిజముగా చిక్కుకున్నాము. పగలంతా పలాస వైపు వెళ్ళి వచ్చాము. ఇల్లు చేరేసరికి గాలివాన, ఊరంతా చీకటి. బండిలో 19 శాతము మిగిలి ఉన్నది. రాత్రి పదకొండున్నరకు జాలరిపేట నుండి కబురు వచ్చింది, ఒక తల్లికి తొలి కాన్పు నొప్పులు. ఆంబులెన్సు వేరొక ఊరు వెళ్ళి ఉన్నది. శ్రీకాకుళము సుమారు 30 కిలోమీటర్లు. మా లెక్కకు ఆ 19 శాతము 35 కిలోమీటర్ల మాట, అదియు వాన లేనప్పుడు. ఆటో దొరుకుతుందేమోనని ఆగితే ఆలస్యమవుతుంది. మా శ్రీమతి "పదండి" అని ముందుగా వెళ్ళి వెనుక సీటు సర్దింది.

ఏ.సి. వేయలేదు, నలభై దాటించలేదు. పల్లము వచ్చినచోట కాలు తీసివేస్తే మోటారు తిరిగి బ్యాటరీకి కొంత ఇస్తుంది, దానినీ వదులుకోలేదు. ఆ అమ్మాయి అత్తగారు వెనుకనుండి "ఇంకా ఎంతుంది బాబూ?" అని అడుగుతూనే ఉన్నారు. ఆమె అడిగినది దారి. మేము చూస్తున్నది ఆ అంకె. గార దాటేసరికి 14, శ్రీకాకుళము దీపములు కనబడేసరికి 8, ఆసుపత్రి గేటు దగ్గర 6. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఎదుటి వీధి టీ కొట్టాయన తన ఫ్రిజ్జు ప్లగ్గు తీసి మాకు ఇచ్చాడు. అక్కడ ఎర్తు ఉన్నది! నాలుగు గంటలు పెట్టి, యాభై రూపాయలిచ్చి, పది గంటలకు బయలుదేరాము.

ఆ తరువాత నుండి 40 శాతమునకు దిగువ ఎన్నడూ ఉంచము. తుఫాను హెచ్చరిక వినగానే నూటికి నూరు నింపుతాము. పెట్రోలు బంకులో పంపు తిరగడానికీ కరెంటే కావాలని, చీకటి రోజులలో అక్కడి వరుసలు చూసినవారికి తెలుసు.

ఖర్చు కూడ చెబుతాము. మా మీటరు ప్రకారము నూరు కిలోమీటర్లకు సుమారు 12 యూనిట్లు అవుతున్నాయి. యూనిట్‌కు 9 రూపాయలు వేసుకున్నా 108 రూపాయలు. పెట్రోలు కారు అయితే ఆరు వందలకు దగ్గర. కాని కొనే ధర ఎక్కువ, అప్పు వడ్డీ ఉన్నది. నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు మాత్రమే తిరిగే కుటుంబమునకు ఇది కొనమని మేము చెప్పము. మేము నెలకు రెండు వేలు తిరుగుతాము, ఏడు ఊళ్ళ ఆరాధనలు.

జాలరిపేటలో ఆ తల్లి మరిది ఇప్పుడు కరెంటు ఆటోకు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నాడు. కిందటి శనివారము టేపు పట్టుకొని వచ్చి మా ఎర్తు గొయ్యి లోతు కొలుచుకున్నాడు, బొగ్గు ఎన్ని బస్తాలు పట్టిందని అడిగి చేతి మీద వ్రాసుకున్నాడు. బెంగుళూరు పెద్దాయన పద్ధతిలో మేము ఉంచుకున్న నోటు పుస్తకము కూడ చదువుకొని ఇస్తానని పట్టుకుపోయాడు.