ఇందులో ఏమున్నది సారూ

సూరారంలో నా క్లినిక్‌కు కళ్ళు ఎర్రబడి వచ్చేవాళ్ళలో చాలామంది జేబులోనో కొంగుముడిలోనో ఒక చిన్న సీసా పెట్టుకొని వస్తారు. "ఇది ఏసిన సారూ, తగ్గలే" అంటారు. నేను కన్ను చూడకముందే ఆ సీసా అడుగుతాను. పేరేమిటి, మూత ఎలా ఉంది, అడుగున ఎంత మిగిలింది అన్నవి చూస్తే ఇంట్లో ఏం జరిగిందో సగం అర్థమవుతుంది.

2023 జులై చివర్లో ముసురు వదలకుండా పట్టింది. దాని వెనకాలే రాష్ట్రమంతా కండ్లకలక వచ్చింది. బడుల్లో, హాస్టళ్ళలో, జీడిమెట్ల షెడ్లలో ఒకరి తర్వాత ఒకరు నల్లద్దాలు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఒక తల్లి ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చింది. నలుగురికీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నలుగురికీ సీసా మాత్రం ఒకటే. సీసా ముక్కు దగ్గర పిన్నీసుతో పొడిచిన పెద్ద రంధ్రం, దాని చుట్టూ ఎండిన పుసి. పెద్దబ్బాయికి మొదలై నాలుగు రోజులైందట. అతనికి వేసిన సీసానే చిన్నవాళ్ళకూ, తర్వాత తనకూ వేసుకుంది. "మందే కదా సారూ, పురుగును సంపుతది కదా" అంది. ఆమె మాటలో తర్కం ఉంది. కానీ ఆ ముక్కు ప్రతిసారీ రెప్పవెంట్రుకలకు తగులుతూ వచ్చింది. పెద్దవాడి కంటి పుసి సీసా మీదుగా చిన్నవాళ్ళ కళ్ళలోకి నడిచింది. సీసా లోపల మందు క్రిమిని చంపుతుంది నిజమే, అంచున ఎండిన పుసిని అది కడగదు.

పిన్నీసు సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నేను వారానికి ఒక్కటైనా అలాంటి సీసా చూస్తాను. మన దగ్గర అమ్మే చాలా చుక్కల మందులకు ముక్కు మూసే ఉంటుంది. మూత లోపల చిన్న ముల్లు ఉంటుంది. మూతను కుడివైపు చివరిదాకా బిగిస్తే ఆ ముల్లే ముక్కుకు సరైన రంధ్రం చేస్తుంది. ఇది తెలియక సూదితోనో, పిన్నీసుతోనో, ఒక్కోసారి బ్లేడుతోనో కోస్తారు. రంధ్రం పెద్దదై నొక్కగానే మూడు నాలుగు చుక్కలు జారతాయి. కన్ను పట్టేది ఒక చుక్కకన్నా తక్కువ, మిగతాదంతా చెంప మీదికి పోతుంది. పైగా సూది మీది మురికి లోపలికి చేరుతుంది. ఇప్పుడు నేను సీసా రాస్తే ముందు నా ముందే మూత బిగించమంటాను. ఆ తర్వాత తెరిచిన తేదీని పెన్నుతో చీటీ మీద రాయిస్తాను. తెరిచిన నెలలోపే వాడాలని డబ్బా మీదే ఉంటుంది. అక్షరాలు చీమ కాళ్ళంత ఉంటాయి కాబట్టి ఎవరూ చదవరు. పోయినేడు మిగిలిన సీసా ఈ ఏడు ఫ్రిజ్ తలుపులోంచి తీసి వేసుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

ఆ జులైలో నేను చేసిన తప్పు ఒకటుంది. అప్పటి కండ్లకలకలో ఎక్కువభాగం వైరస్‌తో వచ్చినదే, యాంటిబయాటిక్ దాన్ని తాకదు. అది నాకు తెలుసు. అయినా వరుస రోడ్డుదాకా ఉన్నప్పుడు, మందు రాయకపోతే మెడికల్ షాపుకు పోయి ఇంకేదో తెచ్చుకుంటారని భయపడినప్పుడు, చాలామందికి యాంటిబయాటిక్ చుక్కలు రాసిచ్చాను. ఒక్క మాట విప్పి చెప్పే ఓపిక ఆ వారంలో నాకు లేకపోయింది. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది. అవసరం లేని చోట వాడిన మందు ఆ ఒక్క కంటితో ఆగదు. మందుకు లొంగని క్రిములను మనమే పెంచి పోషించినట్టవుతుంది.

వైరస్‌దా, బాక్టీరియాదా అని చూసి చెప్పడం అన్నిసార్లూ సులువు కాదు. నీరు ధారగా కారుతూ, చెవి ముందు చిన్న గడ్డ తగులుతూ, ఇంట్లో జలుబు ఉంటే వైరస్ అని అనుకుంటాను. చిక్కటి పసుపు పుసి తుడిచిన అరగంటకే మళ్ళీ చేరుతూ, రోజంతా అలాగే ఉంటే బాక్టీరియా వైపు మొగ్గుతాను. పొద్దున్నే రెప్పలు అంటుకున్నాయన్న ఒక్క ఆనవాలుతో తేల్చలేను, అది రెండింటిలోనూ ఉంటుంది. బాక్టీరియాతో వచ్చినది కూడా చాలావరకు వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్ లాంటి చుక్కలు ఆ రోజుల్ని తగ్గిస్తాయి, పక్కవాళ్ళకు అంటడాన్ని తగ్గిస్తాయి. అంతవరకే వాటి పని. కళ్ళలో కళ్ళు పెట్టి చూస్తే అంటుతుందన్నది మాత్రం నిజం కాదు. అంటించేది చెయ్యి, తువ్వాలు, దిండు గలీబు, ఒకే సీసా.

గాజులరామారం నుంచి వచ్చే ఒక పెద్దమ్మ రెండో రోజే మందు మానేసింది. "కంట్ల ఏస్తే గొంతుల చేదెట్లొస్తది బిడ్డా? మందు కరాబైంది" అంది. ఆమె గమనించింది అక్షరాలా నిజం. కంటి లోపలి మూలలో, ముక్కు పక్కన, రెప్పల అంచున సన్నని రంధ్రాలుంటాయి. కన్నీళ్ళు అటునుంచే ముక్కులోకి దిగుతాయి. అందుకే ఏడ్చినప్పుడు ముక్కు కారుతుంది. మందు కూడా అదే దారి పట్టి గొంతుకు చేరుతుంది. ఆమె వేలిని తీసుకొని ఆ మూల మీద మెల్లగా ఆనించి, కన్ను మూసుకొని రెండు నిమిషాలు ఉండమన్నాను. చేదు తగ్గింది, మందు కంట్లో నిలిచింది. ఆమెకు చూపిన పద్ధతే అందరికీ చూపిస్తాను. సబ్బుతో చేతులు కడుక్కొని, కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచిన దూదితో పుసి తుడిచి, ఆ దూదిని పారేసి, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కిందికి లాగితే ఏర్పడే సంచిలో ఒక్క చుక్క. సీసా ముక్కు దేనికీ తగలొద్దు. రెండో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుంది. ఏడ్చే పిల్లలకైతే వెల్లకిలా పడుకోబెట్టి, మూసిన కంటి లోపలి మూలలో చుక్క వేస్తే చాలు. కన్ను తెరిచినప్పుడు అదే లోపలికి జారుతుంది. పుసి కారే కంటికి కట్టు కట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టిన కేసు. శ్రీకాకుళం నుంచి వచ్చి జీడిమెట్లలో గ్రైండింగ్ పని చేసుకునే కుర్రాడు. కంట్లో నలుసు పడింది, నలిపాడు, ఎర్రబడింది. షాపులో "కండ్లకలక చుక్కలు" అడిగాడు, ఇచ్చారు. "ఒక్క రోజులో ఎరుపు పోనాది డాక్టరు గారూ, మంచి మందని అనుకున్నాను" అన్నాడు. ఎరుపు పోయింది, నొప్పి పెరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి నల్లగుడ్డు మీద సన్నబియ్యం గింజంత తెల్లటి మచ్చ ఉంది. వెలుతురు చూడలేకపోతున్నాడు. సీసా అందుకొని చదివితే అందులో యాంటిబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ ఉంది. అది స్టెరాయిడ్. అది మంటను, ఎరుపును ఆర్పేస్తుంది. క్రిమితో పోరాడే కంటి సొంత బలాన్ని కూడా ఆర్పేస్తుంది. కన్ను తెల్లబడుతుంటే లోపల పుండు లోతుకు దిగుతోంది.

ఆ పూటే నగరంలోని పెద్ద కంటి ఆసుపత్రికి పంపాను. మెహదీపట్నంలో సరోజినీ దేవి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉంది. ఇంత దగ్గర్లో ఉండి కూడా మనవాళ్ళు ఆలస్యంగా చేరతారు. పుండు గీకి పరీక్షిస్తే బూజు జాతి క్రిమి అని తేలింది. యాంటిబయాటిక్ దాని మీద పనిచెయ్యదు, స్టెరాయిడ్ దానికి ఎరువు. రెండు నెలలు మందులు వాడాడు. కన్ను దక్కింది, చూపుకు అడ్డంగా పువ్వు మిగిలింది.

ఎరుపు తగ్గడమే నయం కావడమని మనం నమ్ముతాం. ఆ నమ్మకం మీదే ఆ కలిపిన మందులు అమ్ముడుపోతాయి. ఎండాకాలం దురదకు ఏళ్ళ తరబడి అవే చుక్కలు వేసుకొని నీటికాసులు తెచ్చుకున్న బడిపిల్లలను చూశాను. నీటికాసులకు పోయిన చూపు తిరిగి రాదు. అందుకే షాపువాళ్ళకు కూడా నా మాట ఒకటే. యాంటిబయాటిక్ డబ్బా మీద ఎర్రగీత ఊరికే లేదు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ దాని అర్థం జనానికి చెప్పే ప్రచారం మొదలుపెట్టింది. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకండి.

సీసాలోకి క్రిమి చేరితే ఏమవుతుందో 2023లోనే అమెరికా చూసింది. చెన్నై దగ్గర తయారై అక్కడ అమ్ముడైన కృత్రిమ కన్నీళ్ళ చుక్కలతో మొండి సూడోమోనాస్ క్రిమి వ్యాపించింది. 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది, నలుగురు చనిపోయారు, 14 మంది చూపు కోల్పోయారు. అక్కడ క్రిమి కార్ఖానా నుంచే వచ్చిందని అనుమానించారు. మన ఇళ్ళలో మాత్రం దాన్ని లోపలికి పంపేది మన వేళ్ళు, మన పిన్నీసులు.

కొన్ని కళ్ళకు ఇంట్లో ఆగి చూసే సమయం కూడా ఉండదు. పుట్టిన నెలలోపు పిల్లలకు కళ్ళలో చీము కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రి. రొమ్ముపాలు పిండడం, కాటుక పెట్టడం, నందివర్ధనం పూలు అద్దడం వద్దు. కాన్పు సమయంలో అంటుకున్న కొన్ని క్రిములు ఒకటి రెండు రోజుల్లో పసికందు నల్లగుడ్డును తినేస్తాయి. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు కన్ను ఎర్రబడితే వెంటనే లెన్సు తీసేసి రావాలి. నొప్పి, వెలుతురు భయం, చూపు మసక, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా అది మామూలు కండ్లకలక కాదు. మందు మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా తగ్గకపోతే సీసా మార్చొద్దు, మనిషి రావాలి. చెవి మందు సీసా, కంటి మందు సీసా ఒకే కిటికీ గట్టు మీద పెట్టుకున్న ఒక ఆయన రాత్రి కరెంటు పోయినప్పుడు చెవిమందు కంట్లో వేసుకున్నాడు. వెంటనే చాలాసేపు నీళ్ళతో కడగడం వల్ల గట్టెక్కాడు.

గ్రైండింగ్ కుర్రాడు ఇప్పుడు అదే షెడ్డులో ప్యాకింగ్ పని చేస్తున్నాడు. పోయిన నెల ఒక సాయంత్రం వచ్చాడు. కన్ను కోసం కాదు. తోటి కార్మికుడికి కళ్ళు ఎర్రబడితే షాపులో ఇచ్చిన సీసా తెచ్చాడు, ఇంకా మూత తియ్యలేదు. నా బల్ల మీద పెట్టి, "ఇందులో అది ఉందేటండీ?" అని అడిగాడు. డబ్బా దీపం కిందికి తెచ్చి చదివాను. ఉంది. ఆ సీసా పక్కన పెట్టి, తోటివాణ్ణి లోపలికి పిలవమన్నాను.