చిలవలు పలవలు

పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో గుండ్రటి చెక్క ఫ్రేము ఒకటి ఉండి తీరేది. రెండు వలయాల మధ్య కేస్‌మెంట్ గుడ్డ పెట్టి మర బిగిస్తే, వేలితో తట్టినప్పుడు డప్పులా మోగాలి.

డిజైను ఎక్కించడమే పెద్ద తతంగం. ట్రేసింగ్ పేపరు మీద గీత పొడవునా గుండుసూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి, గుడ్డపేలికతో పైనుంచి అద్దేవాళ్ళు. కాగితం ఎత్తితే నీలిచుక్కల చిలక. ఆ తర్వాత యాంకర్ దారం. ఒక్కో చుట్టలో 8 మీటర్లు, 6 పోగులు. రెండేసి పోగులు విడదీసి సూదికెక్కించడం పిల్లల వంతు. కాడకి కాడకుట్టు, ఆకుకి గొలుసుకుట్టు, పువ్వు నడుమ ముడికుట్టు. ఎవరు కుట్టింది తెచ్చి చూపినా మా మేనత్త ముందు గుడ్డ తిరగేసేది. వెనక ముడులెన్ని, దారం ఎక్కడెక్కడ దూకిందో చూశాకే మెచ్చుకునేది.

సూదితోపాటు నోరూ నడిచేది. పక్కూరి పెళ్ళిలో పప్పులో ఉప్పెక్కువైందన్న కబురు, మా అరుగు చేరేసరికి వియ్యంకుడు విస్తరి ముందునుంచి లేచిపోయినంత కథ అయ్యేది. దాన్ని అబద్ధమని నేననను. ఉప్పెక్కువైన మాట నిజమే, గీసి ఉన్న గీత మీదే రంగులు పడ్డాయి. ఎంతవరకు జరిగిందో, ఎక్కడినుంచి అల్లికో వినేవాళ్ళకి తెలుసు. తెలిసే ఊఁ కొట్టేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లలో వచ్చిపడే కథలకి చెప్పినవాళ్ళ మొహం కనబడదు, తిరగేసి చూసుకునే వీలూ లేదు. నాకు బెంగ అదే.

కుట్టుపని మాత్రం ఆగిపోలేదు. ప్రభుత్వం టైలరింగు, ఎంబ్రాయిడరీకి లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు ఇప్పటికీ పెడుతోంది. జాకెట్లకి మగ్గం వర్క్ జోరుగా సాగుతోంది. వంగి కూర్చుని గంటలకొద్దీ పూసలు కుట్టే ఆ పనివాళ్ళ చేతిలో కళకేం లోటు లేదు. తొడుక్కున్నావిడకి మాత్రం ఆ పువ్వు ఎవరు కుట్టారో తెలియదు. దిండు గలీబు మీది ‘గుడ్ నైట్’, గుమ్మం పైన అద్దంలో బిగించిన ‘స్వాగతం’, రేడియోకి కప్పిన పూల ముసుగు, ఇవన్నీ ఎవరి చేతివో ఇంటిల్లిపాదికీ తెలిసేది. అందుకే ఎవరూ పేరు కుట్టుకోలేదు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున అలాంటి గలీబు ఒకటుంటే పారేయకండి. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, కుట్టినావిడ పేరు కాగితమ్ముక్క మీద రాసి దానికి గుచ్చిపెట్టండి.