ఫోర్కు మారితే.. సైకిలే మారింది!

దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ నుంచి వస్తుంటే ఆటో తగిలింది. పిల్లాడికి దెబ్బ తగల్లేదుగానీ సైకిల్ ఫోర్కు వంగిపోయింది. వంగినదాన్ని కొట్టి సాపు చేస్తే ఎప్పటికైనా విరుగుతుంది, మార్చాల్సిందేనన్నాడు మెకానిక్. ‘నాన్నా, షాకప్‌లున్నది వేయిద్దాం’ అన్నాడు పిల్లాడు. అసలే భయపడి ఉన్నాడని తండ్రి కాదనలేకపోయాడు.

మర్నాడు ఎల్బీనగర్ వైపు ఖాళీ రోడ్డులో బండి బాగానే పోయింది. తిరిగొస్తూ కొత్తపేట రద్దీలో మెల్లగా మలుపు తిప్పబోతే హ్యాండిల్ ఒక్కసారిగా పక్కకి వాలింది. వెనకే బస్సు! ‘హ్యాండిల్ నా మాట వినట్లేదు నాన్నా..’ ఇంటికొచ్చిన కొడుకు గొంతు వణుకుతోంది.

తండ్రి టేపు తీసి రెండు ఫోర్కులూ కొలిచాడు. కొత్తది 60 మిల్లీమీటర్లు పొడుగు! ఆ కాస్తకే ఏమవుతుంది? చాలా అవుతుంది. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పెరిగితే ముందుభాగం లేచి, హ్యాండిల్ తిరిగే గొట్టం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. అంటే ఇక్కడ మూడు డిగ్రీలు. ఆ గొట్టాన్ని గీతలా నేలదాకా సాగదీశామనుకోండి. ఆ గీత నేలను తాకేచోటుకి కాస్త వెనక టైరు నేలను తాకుతుంది. ఈ ఎడమే ‘ట్రెయిల్’. చక్రాన్ని తిన్నగా నడిపించడంలో దీనిది పెద్ద పాత్ర. గొట్టం వాలేకొద్దీ ఎడం పెరుగుతుంది. అప్పుడు వేగంలో బండి నిలకడగా ఉంటుంది, మెల్లగా పోయేటప్పుడు మాత్రం హ్యాండిల్ బరువెక్కి పక్కకి పడుతుంది. సీటూ వెనక్కి వాలుతుంది. పొట్టి ఫోర్కు వేస్తే కథ తిరగబడుతుంది. హ్యాండిల్ చురుకెక్కి, మలుపులో పెడల్ నేలకి తగిలే ప్రమాదం.

బ్రిటిష్ శాస్త్రవేత్త డేవిడ్ జోన్స్ ఫోర్కును వెనక్కి తిప్పి బిగించి చూశాడు. మనిషి లేకుండా తోస్తే ఆ సైకిల్ చాలాదూరం పడకుండా పోయింది. ఎక్కి తొక్కితే మాత్రం ఇబ్బందిపెట్టింది. ఆ సంగతి 1970లో ‘ఫిజిక్స్ టుడే’లో రాశాడు. నిలకడ మరీ ఎక్కువైనా కష్టమేనన్నమాట!

అందుకే ఫోర్కు మార్చేటప్పుడు చక్రం సైజొక్కటే చూస్తే చాలదు. పొడవూ, ముందుకి ఉన్న వంపూ పాతదానికి సరిపోవాలి. పాతది వంగిపోతే అదే మోడల్ సైకిల్‌ని కొలవొచ్చు.

సాయంత్రం పాత కొలతకి సరిపోయే మామూలు ఫోర్కు వేయించాడు. పిల్లాడు ముందు ముఖం ముడుచుకున్నాడు. గల్లీలో నెమ్మదిగా రెండుసార్లు ఎనిమిది అంకె చుట్టాక మాత్రం నవ్వాడు.

‘ఇప్పుడు వింటోంది నాన్నా!’