చెఱువు కట్టల వెంబడి

ఒక సీమను తెలిసికొనుటకు రెండు మార్గములు గలవు. పటమును ముందఱ పఱచుకొని ఊళ్ల పేరులను చదువుట మొదటిది. ఆ సీమలోని నీరు ఏ త్రోవను పోవుచున్నదో ఆ త్రోవనే తానును పోవుట రెండవది. మొదటి మార్గమును నాకు ఈ పాఠశాలలోని ఉపాధ్యాయులు నేర్పిరి; రెండవదానిని సైకిలు నేర్పినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడూళ్ల నడుమ గరుసు బాటలపై సెలవు దినములందు తిరిగి నేను తెలిసికొనిన కొన్ని సంగతులను మన పత్రిక చదువరులకు విన్నవింప దలచితిని.

మన ప్రాంతము మైసూరు పీఠభూమికి తూర్పు అంచు. మదనపల్లెకు సమీపమున నున్న హార్సిలీ కొండ 4,000 అడుగులకు మించిన యెత్తు గలది. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర అచట ఇల్లు కట్టుకొనుటచే ఇప్పటి పేరు వచ్చినది. ఇట్టి కొండలలోని గట్టి రాయి ఎండవానలకు చిట్లి, పొడియై, తుద కెఱ్ఱని గరుసుగా మాఱును. ఆ గరుసునే త్రవ్వి తెచ్చి చెఱువు కట్టలమీదను బండ్ల బాటలమీదను పోయుదురు. కనుక మన బాట యనగా మన కొండయే నేలకు దిగి పఱచుకొనినదని చెప్పవచ్చును.

ఇట్టి బాటలపై సైకిలు త్రొక్కుట నేడు లోకమంతట ఒక వినోదముగా వ్యాపించినది. ఇంగ్లండులో కొండదారులను, రాతిబాటలను ఇష్టపడు సైకిలువారు 1955వ సంవత్సరముననే ఒక సంఘముగా నేర్పడిరి. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున 2006 మొదలు కేవలము గరుసు బాటలపైననే గొప్ప పందెము జరుగుచున్నది. ఇంగ్లండు దేశపు వాయవ్య భాగమున కొండలు, సరస్సులు కలసిన సీమ యొకటి గలదు. దానిని చూచుటకు దూరదేశముల నుండియు జనులు వత్తురు. ఆ సరస్సుల గుంటలను పూర్వకాలపు మంచుగడ్డలు జరుగుచు తొలిచినవి. మన కొండల నడుమను నీళ్లు తళతళలాడుచునే యున్నవి. కాని వానిని చేసినది మంచు గాదు. మన పెద్దల పారయు, గంపయు.

సైకిలు విషయము కొంత చెప్పవలెను. తారురోడ్డుకు తగిన సన్నని టైర్లు ఇచట పనికిరావు. 40 మిల్లీమీటర్ల వెడల్పు గల టైర్లు వేసి, గాలి కొంచెము తక్కువగా కొట్టినయెడల చక్రము రాతిపై ఎగిరిపడక నేలను పట్టుకొనును. పల్లమునకు దిగునపుడు ముందు బ్రేకును గట్టిగా బిగింపరాదు. మోచేతులను సడలించి శరీరమును వెనుకకు ఉంచవలెను. పంపును, పంక్చరు సామానును, రెండు సీసాల నీళ్లును మఱవరాదు. ఖరీదైన సైకిలు లేదని చింతింప బనిలేదు. పాలు పోయువారు రెండు క్యానులు తగిలించుకొని సాధారణమైన సైకిళ్లపై ఇవే కట్టలమీద నన్ను దాటిపోవుచుందురు.

మదనపల్లె నుండి పుంగనూరునకు పెద్దరోడ్డు మీద రమారమి 28 కిలోమీటర్లు. టొమాటో లారీల నడుమ ఆ దూరమును త్వరగానే పోవచ్చును గాని చూచున దేమియు లేదు. గరుసు బాటల వెంట పోయినచో కాలము రెండింత లగును. చెఱువు తరువాత చెఱువు కనబడును. ఒకనా డొక కట్టమీద మేకలు మేపుచున్న అవ్వ నన్ను చూచి, “నున్నని రోడ్డు అక్కడ నుండగా ఈ రాళ్లలో పడి పోవుచున్నావేమి నాయనా?” యని యడిగినది. “చెఱువు చూడ వచ్చితిని అవ్వా” యంటిని. “ఒక చెఱువును చూచిన నేమి తెలియును? దీనికి నీళ్లిచ్చు పైచెఱువును చూచి రమ్ము” అని ఆమె నవ్వినది.

ఆ మాటలోనే మన సీమ మర్మ మున్నది. ఇవి గొలుసుకట్టు చెఱువులు. పైచెఱువు నిండి మొరవ పాఱినగాని వంక వెంట నీరు క్రిందిచెఱువును చేరదు. క్రిందివాని పంట పైవాని కట్ట గట్టిదనముపై నాధారపడి యుండును. రాజ్యముల విషయమునను ఇంతే. మైసూరు, మదరాసు ప్రభుత్వములు 1892వ సంవత్సరమున నదుల నీటినిగూర్చి చేసికొనిన ఒడంబడికలో మన కుప్పము మీదుగా పాఱు పాలాఱును చేరియున్నది.

సైకిలుపై పోవువానికి ఈ నీటి విభజన కాళ్లకే తెలియును. మదనపల్లె చెంత బాహుదా యేఱు ఉత్తరదిశగా సాగి, పించతో గూడి చెయ్యేరై, పెన్నలో కలసి నెల్లూరు సీమలో సముద్రమును చేరును. పుంగనూరు దాటి దక్షిణమునకు పోవుకొలది నీటి నడక మాఱును. పలమనేరు వైపు కొండల నీరు కౌండిన్యయై గుడియాత్తము మీదుగా పాలాటిలో కలియును. అది చెన్నపట్టణమునకు దక్షిణమున సముద్రమును చేరును. ఒక్క మిట్ట నెక్కి దిగినంతనే వానచినుకు గమ్యము మాఱిపోవుచున్నది!

పుంగనూరు నుండి బైరెడ్డిపల్లె, వెంకటగిరికోట, శాంతిపురము మీదుగా కుప్పమునకు పోవు దారి ఒక దినమునకు మించిన పని. వేరుశనగ చేలు, మల్బరీ తోటలు, మామిడి తోపులు దారిపొడవున నుండును. కుప్పము చేరువరకు తెలుగుతోబాటు కన్నడ, తమిళ పలుకులును చెవిని పడును. కౌండిన్య అభయారణ్యపు అంచులలో ఏనుగులు తిరుగును గనుక తెల్లవాఱకముందును, ప్రొద్దు క్రుంకిన పిమ్మటను ఆ వైపు ఎవ్వరును పోరాదు.

నేను ఈ బాటలను విడువకుండుటకు వినోద మొక్కటియే కారణము గాదు. మా తాతగారు ఒక చిన్న చెఱువునకు నీరుగంటి. తూము తెఱచుటయు, మడవలు త్రిప్పుటయు, ఎవరి వంతు నీరు వారి కిచ్చుటయు ఆయన పని. ఆయన పోయిన తరువాత ఆ పని చేయువారు లేకపోయిరి, బోరుబావులు వచ్చినవి. చెఱువులోనికి వచ్చు వంకను ఎవరో పూడ్చి చదును చేసిరి. ఎవరని చెప్పుట నా యుద్దేశ్యము గాదు. కొన్నియేండ్లు చెఱువు ఎండియుండుటచే ఎవరికిని ఆ వంక జ్ఞాపకమునకు రాలేదు. 2021వ సంవత్సరము నవంబరులో గొప్ప వాన కురిసినది. త్రోవ లేని నీరు ఊరిలో ప్రవేశించినది. మా మేనత్త యింటి గోడ పడిపోయినది. ఆమె రాత్రియంతయు పొరుగువారి మిద్దెమీద గడపినది. ఆ వానలలోనే, నవంబరు 19వ తేదీన, చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, క్రిందియూళ్లలో ఎందఱో ప్రాణములు కోల్పోయిరి.

మఱుసటి వేసవిలో గ్రామస్థులు వంకను సగము దూరము త్రవ్విరి. తక్కిన సగము ఇంకను వివాదములో నున్నది. అప్పటినుండి ప్రతి నవంబరులోను నేను సైకిలుపై పోయి వంకను మొదటినుండి తుదవఱకు చూచి, ఎచట పూడినదో గుఱుతు వ్రాసికొని వచ్చి ఊరిపెద్దల కిచ్చుచున్నాను. కారు ఆ దారిని పోజాలదు. నడచినచో దినము చాలదు. ఈ పనికి సైకిలే తగినది.

ఇప్పుడు శ్రీశైలము నుండి హంద్రీ-నీవా కాలువల ద్వారమున కృష్ణాజలములు మన వైపు వచ్చుచున్నవి. 2025వ సంవత్సరము ఆగష్టులో అవి కుప్పమును చేరినవి. ఇది మిక్కిలి సంతోషకరమైన సంగతి. కాని అంత దూరమునుండి యంత్రములతో ఎత్తి తెచ్చిన నీటిని నిలుపవలసినది మన పాత కట్టలే. పంచవలసినది మన పాత తూములే. కట్ట బలహీనమై, వంక పూడిపోయినచో కృష్ణ వచ్చియు ఫలమేమి?

విద్యార్థి సోదరులారా! రాబోవు సెలవులలో మీ యూరి చెఱువునకు సైకిలుపై పొండు. నీరు ఎచట ప్రవేశించుచున్నదో, ఎచట మొరవ పోవుచున్నదో, క్రిందిచెఱువు పేరేమో ముసలివారి నడిగి ఒక కాగితముపై గీయుడు. అట్టి పటములు ప్రతి గ్రామమునకు ఒక్కొక్కటి యున్నచో, వంకను పూడ్చుటకు వచ్చినవానికి అది వంక యని చూపుట సులభమగును.