కిలో బరువు ఇల్లు

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. మా అన్నయ్య ఉండే కొలరాడోలో మాత్రం లైసెన్సు తీసుకుంటే అనుమతే. సెప్టెంబరులో ఒక్కడే కొండల్లోకి ఎల్క్ వేటకి వెళ్తాడట. ఎల్క్ అంటే మన కణుజు కన్నా పెద్ద జింక. "ఒక్కడికి సరిపోయే టెంట్ చూడరా, తేలిగ్గా ఉండాలి" అని నాకు పని అప్పగించాడు.

తేలికే కావాలంటే అర కిలో కూడా తూగని టార్ప్ ఉంది. కానీ 3000 మీటర్ల ఎత్తులో సెప్టెంబరులోనే మంచు పడొచ్చు. టార్ప్ పక్కల నుంచి గాలి కొడుతుంది. ఒంటి పొర టెంట్‌లో మన ఊపిరే నీరై స్లీపింగ్ బ్యాగ్‌ని తడుపుతుంది. ఈకల బ్యాగ్ తడిస్తే వెచ్చదనం పోయినట్టే.

నడక కర్రల మీద నిలబెట్టే టెంట్లూ తేలికే. ట్రెక్కర్లకి బాగుంటాయి. వేటగాడి లెక్క వేరు. ఎల్క్ దొరికితే ఎముకలు తీసిన మాంసమే దాదాపు 80 కిలోలు. తినదగ్గ మాంసం వదిలేస్తే అక్కడ నేరం. మూడు నాలుగు సార్లు మోయాలి, మోకాళ్ళకి కర్రలు కావాలి. కర్రలు తీస్తే టెంట్ కూలుతుంది.

అందుకే రెండు పొరలది, తడిస్తే నైలాన్ అంత సాగని పాలియెస్టర్‌ది, సొంత పోల్స్ ఉన్నది చెప్పాను. కిలో దాటింది.

"బరువెక్కువ కదరా!"

"రెండో చొక్కా మానెయ్ అన్నయ్యా. శాటిలైట్ మెసెంజర్ మాత్రం వదలకు."

రోజూ రాత్రి "బాగున్నాను" అని మెసేజ్ పెట్టాలని ఒప్పందం. అమ్మకి ఈ సంగతి ఇంకా తెలీదు. చివరి మెసేజ్ వచ్చాకే చెప్తాను.