హోరు వింటే చాలు... రోగం చెప్పేస్తారు!

విజయవాడ బందరు రోడ్డు మీంచి ఆటోనగర్‌లోకి తిరిగితే ముందుగా పలకరించేది సుత్తి చప్పుడు. ఆ వెనకే వెల్డింగ్ మెరుపులు, గేర్ ఆయిల్ వాసన. 1960ల్లో మొదలైన ఈ పారిశ్రామికవాడలో లారీకి సంబంధించి దొరకని పని అరుదు. బాడీలు కట్టేవాళ్లు, కమాన్ కట్టలు సరిచేసేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు... వాళ్ల మధ్యే డిఫరెన్షియల్ పని చేసే షెడ్లు. లారీ వెనక ఇరుసు మధ్యలో బానలా ఉబ్బి కనిపిస్తుందే, దాన్ని విప్పి బాగుచేసేది ఇక్కడే.

ఇంతకీ ఆ బానలో ఏముంటుంది? చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డ పిల్లలు గుండ్రంగా తిరిగితే చివరి పిల్లాడు పరుగెత్తాలి, లోపలివాడు అడుగు కదిపితే చాలు. మలుపులో లారీ చక్రాలదీ అదే పరిస్థితి. ఆ తేడాను సర్దేవి లోపలి చిన్న గేర్లు. వాటి గూడును తిప్పేది క్రౌన్ వీల్, దాన్ని తిప్పేది పినియన్. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 6 ఉన్న జతలో పినియన్ దాదాపు ఏడు చుట్లు తిరిగితే క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. బరువు లాగే బలం అక్కడ పుడుతుంది.

రోగం చెప్పేది చెవే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హోరు వస్తే పళ్ల మీద అనుమానం. కాలు తీసినప్పుడు వస్తే పినియన్ బేరింగ్ వదులైందేమో చూడాలి. తిన్నగా పోయినంతసేపూ ఊరుకుని మలుపులో టకటకమంటే చిన్న గేర్ల పని పట్టాలి. ఆయిల్ తీసినప్పుడు అందులో తళతళలాడే ఇనుప రజను కనిపిస్తే ఇక విప్పక తప్పదు.

అసలు పేచీ విప్పాకే. ఒక్క బండిని తానే నడుపుకొనే యజమానికి లారీ ఆగిన ప్రతిరోజూ నష్టమే, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. అందుకే ‘క్రౌన్ బాగానే ఉందిగా మేస్త్రీ, పినియన్ ఒక్కటి మార్చెయ్’ అంటాడు. మంచి మేస్త్రీ ఒప్పుకోడు. ఆ రెండింటినీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రాపిడి చేసి జత కలుపుతారు. రెండింటి మీదా జత నంబరు కూడా వేస్తారు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని ఉంచితే కొత్త పళ్లు పాత అరుగుదలతో పొసగవు. కొన్నాళ్లకే హోరు మళ్లీ మొదలు. ఘాట్‌రోడ్డులో పన్ను విరిగితే దిగబడేది బండి ఒక్కటే కాదు, బేరమూ!

కొత్త జత తెచ్చినా బిగించేస్తే అయిపోదు. పినియన్‌కు తాడు చుట్టి స్ప్రింగ్ కాటాతో లాగి, బేరింగ్ బిగువు చూస్తారు. పళ్ల మధ్య సందును డయల్ గేజ్‌తో కొలుస్తారు. బండిని బట్టి మారినా, ఆ సందు మిల్లీమీటరులో పావు వంతు దగ్గర్లో ఉంటుంది. తర్వాత పళ్లకు రంగు పూసి తిప్పితే రాపిడి మచ్చ పడుతుంది. అది పంటి మధ్యలో పడాలి. కొస మీద పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, మొదట్లో పడితే మరీ లోపలికి పోయినట్టు. పల్చటి సిమ్ములు వేసో తీసో మళ్లీ బిగించాలి, మళ్లీ రంగు పూయాలి. ఓ పూట ఇలాగే గడిచిపోవచ్చు. పని తెలియని యజమానికి అది కాలయాపనలా కనిపిస్తుంది కానీ, కూలి దక్కాల్సింది ఆ ఓపికకే.

ఎలక్ట్రిక్ లారీలొచ్చినా, ఒకే మోటారు రెండు చక్రాల్ని తిప్పినంతకాలం ఈ గేర్లు ఉండాల్సిందే.

చివరికి ఆయిల్ పోసి హైవే మీదికి ఓ చుట్టు. తిరిగొచ్చాక మేస్త్రీ ముందు బాన మీద చెయ్యి పెడతాడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆన్చలేనంత కాలుతుంటే బేరింగులు ఎక్కువ బిగిశాయన్నమాట. యజమాని ఎంత తొందరపెట్టినా సరే, బండి మళ్లీ జాకీల మీదికే!